హార్మోన్లను తప్పుదారి పట్టించే రసాయనాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్లాస్టిక్ డబ్బాలో పెరుగన్నం పెట్టి పంపితే అమ్మాయి త్వరగా పెద్దమనిషి అవుతుందా అని ఒక తల్లి అడుగుతారు. ఏళ్ల తరబడి థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్న పెద్దాయన ఇంట్లో నాన్‌స్టిక్ పెనాన్ని అనుమానంగా చూస్తారు. ఇదంతా జనాన్ని భయపెట్టి స్టీలు డబ్బాలు అమ్ముకునే వ్యాపారమని ఇంకొకరు కొట్టిపారేస్తారు. ముగ్గురి మాటలోనూ కొంత నిజముంది, కొంత పొరపాటూ ఉంది. ఏది ఎంతవరకు రుజువైందో, ఎక్కడ ఇంకా వాదన నడుస్తోందో వేరుచేసి చెప్పాలన్నదే ఈ పేజీ ప్రయత్నం.

హార్మోన్లకు అడ్డుపడే రసాయనం అంటే ఏమిటి?

బడి పుస్తకంలో వినాళ గ్రంథుల పాఠం గుర్తుందా? పీయూష గ్రంథి, థైరాయిడ్, క్లోమం, అధివృక్క గ్రంథులు, అండాశయాలు, వృషణాలు. వీటికి నాళాలు ఉండవు. తయారుచేసిన హార్మోనును నేరుగా నెత్తురులోకి వదులుతాయి. ఆ హార్మోను ఒక ఉత్తరం లాంటిది. ఒళ్లంతా తిరుగుతుంది గాని, దాన్ని అందుకునే గ్రాహకం ఉన్న కణం మాత్రమే విప్పి చదువుకుంటుంది.

కొన్ని రసాయనాలు ఈ తపాలాలో దూరతాయి. కొన్ని గట్టి ప్లాస్టిక్‌ల తయారీలో వాడే బిస్ఫినాల్ ఏ, అంటే బీపీఏ, స్త్రీ హార్మోను ఈస్ట్రోజెన్ పేరుతో దొంగ ఉత్తరం వేస్తుంది. డీడీటీ మన శరీరంలో విరిగి మారే డీడీఈ అనే పదార్థం పురుష హార్మోను గ్రాహకం దగ్గర తిష్ఠ వేసి అసలు ఉత్తరాన్ని లోపలికి పోనివ్వదు. ప్లాస్టిక్‌ను మెత్తబరచే థాలేట్లలో కొన్ని రకాలు ఇంకా ముందే పని కానిస్తాయి: వృషణాలు ఉత్తరం రాయకుండానే, అంటే టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోను తయారు కాకుండానే ఆపుతాయి. బాణసంచాలో, రాకెట్ ఇంధనంలో వాడే పెర్‌క్లోరేట్ థైరాయిడ్‌కు అయోడిన్ అందనివ్వదు; కాగితమే లేకపోతే ఉత్తరం ఎక్కడిది?

ఈ రసాయనాలన్నిటినీ ఒక పేరు కింద చేర్చింది 1991లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, వింగ్‌స్ప్రెడ్ అనేచోట జరిగిన సమావేశం. జంతుశాస్త్రవేత్త థియో కోల్‌బోర్న్ పిలిస్తే వచ్చిన వాళ్లలో పక్షులను పరిశీలించేవారు, చేపలను పరిశీలించేవారు, కేన్సర్ పరిశోధకులు ఉన్నారు. అందరూ వేర్వేరు జీవుల్లో ఒకే రకమైన చిక్కును చూస్తున్నామని అక్కడ తెలుసుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం కలిసి 2013లో వెలువరించిన నివేదిక ప్రకారం, ఈ గుణం ఉన్నవి లేదా ఉన్నట్టు అనుమానం ఉన్నవి సుమారు 800 రసాయనాలు.

ఆహారంలో కలిసేది రవ్వంత కూడా కాదు కదా. అంత కొంచెం ఏం చేస్తుంది?

మామూలు విషాల విషయంలో ఈ ప్రశ్న సబబే. హార్మోన్ల లెక్క వేరు. ఒక మిల్లీలీటరు రక్తంలో ఈస్ట్రాడయోల్, అంటే మన శరీరంలోని ముఖ్యమైన ఈస్ట్రోజెన్, ఉండేది పదుల నుంచి వందల పికోగ్రాములు. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. అంత సూక్ష్మమైన మోతాదుతోనే శరీరం నెలసరి నడుపుతుంది, ఎముకలను కాపాడుతుంది. అలాంటి చోట రవ్వంత అనే మాటకు విలువ లేదు.

అయితే రెండో వైపు మాటా చెప్పాలి. గ్రాహకాన్ని పట్టుకోవడంలో బీపీఏ అసలు ఈస్ట్రోజెన్ కంటే వేల రెట్లు బలహీనం. పరిశ్రమ పక్షం వాదన అంతా దీనిమీదే నిలబడుతుంది. దీనికి జవాబు మోతాదులో కంటే సమయంలో ఉంది. గర్భంలో సుమారు 8వ వారం నుంచి 14వ వారం వరకు మగశిశువు జననాంగాలు టెస్టోస్టిరాన్ చెప్పినట్టు రూపుదిద్దుకుంటాయి. మొదటి మూడు నెలలు శిశువు మెదడుకు అందే థైరాయిడ్ హార్మోను దాదాపు పూర్తిగా తల్లిదే. ఆ వారాల్లో ఉత్తరం తారుమారైతే మళ్లీ రాయించుకునే వీలు లేదు. నలభై ఏళ్ల మనిషిలో వచ్చి పోయే మార్పు, నలభై మిల్లీమీటర్ల పిండంలో నిలిచిపోతుంది. ఈ పేజీలో మీరు ఒక్క సంగతే గుర్తుపెట్టుకోదలిస్తే ఇది పెట్టుకోండి: ఎంత పడింది అన్నదాని కంటే ఎప్పుడు పడింది అన్నదే పెద్ద ప్రశ్న.

ఇదంతా ఎలుకల మీదే కదా? మనుషుల్లో రుజువుందా?

ఉంది. చాలా బాధాకరమైన రుజువు.

1938లో లండన్‌లో చార్లెస్ డాడ్స్ బృందం డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అనే కృత్రిమ ఈస్ట్రోజెన్‌ను తయారుచేసింది. క్లుప్తంగా డీఈఎస్ అంటారు. గర్భస్రావం కాకుండా ఆపుతుందన్న నమ్మకంతో 1940ల నుంచి అమెరికాలో లక్షల మంది గర్భిణులకు దీన్ని రాశారు. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో జరిగిన పరీక్షలో గర్భస్రావాన్ని ఆపే శక్తి దీనికి లేదని తేలింది. అయినా వైద్యులు మరో పద్దెనిమిదేళ్లు రాస్తూనే వచ్చారు.

1960ల చివర బోస్టన్‌లో వైద్యులకు యోని కేన్సర్‌తో ఆడపిల్లలు కనిపించారు. ముసలితనంలో తప్ప రాని జబ్బు, ఈ పిల్లలకు ఇరవై అటూఇటూ వయసు. కారణం అంతుపట్టని సమయంలో వాళ్ల తల్లుల్లో ఒకరు, కడుపుతో ఉన్నప్పుడు తాను వేసుకున్న మందు వల్ల కావచ్చా అని అడిగారు. 1971లో హెర్బ్‌స్ట్, ఉల్‌ఫెల్డర్, పోస్కాన్‌జర్ ప్రచురించిన పరిశీలనలో ఎనిమిది మంది రోగుల్లో ఏడుగురి తల్లులు డీఈఎస్ వాడినవారే. ఆ ఏడాదే అమెరికా ఔషధ సంస్థ గర్భిణులకు దాన్ని ఇవ్వవద్దని హెచ్చరించింది. ఆ తర్వాత దశాబ్దాలలో ఆ కూతుళ్లలో గర్భాశయ నిర్మాణ లోపాలు, సంతానలేమి, నెలలు నిండని కాన్పులు ఎక్కువగా కనిపించాయి.

మందు వేసుకున్న తల్లికి ఆ రోజున ఏమీ కాలేదు. బిడ్డా చూడటానికి చక్కగానే పుట్టింది. లెక్క ఇరవై ఏళ్ల తర్వాత తేలింది. మందు చీటీ ఉంది కాబట్టి డీఈఎస్ దొరికిపోయింది. గాలిలో, నీటిలో, గిన్నెలో ఉన్నదానికి చీటీ ఎవరు రాస్తారు?

మన దేశంలో ఉదాహరణ ఉందా?

కాసరగోడ్. కేరళ ఉత్తరపు కొసన ఉన్న ఈ జిల్లాలో జీడిమామిడి తోటల మీద రెండు దశాబ్దాలకు పైగా, 2000 వరకు, హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు చల్లారు. తోటలు గుట్టల మీద, ఊళ్లు వాలులో. వాన పడితే మందంతా కిందికే.

అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరిశోధకులు తోటల కింది ఊరిలో 117 మంది మగపిల్లలను, మందు చల్లని మరో ఊరిలో 90 మందిని పరీక్షించి 2003లో ఫలితాలు ప్రచురించారు. చల్లడం ఆపి పది నెలలు దాటినా తోటల కింది పిల్లల రక్తంలో ఎండోసల్ఫాన్ సగటున 7.47 పీపీబీ (వంద కోట్ల వంతులకు ఇన్ని వంతులు), అవతలి ఊరి పిల్లల్లో 1.37. మందు తగిలిన పిల్లల్లో యౌవన లక్షణాలు ఆలస్యంగా వస్తున్నాయని, టెస్టోస్టిరాన్ తగ్గిందని కూడా చూశారు. కాసరగోడ్‌లో కనిపించిన ప్రతి వైకల్యానికీ ఎండోసల్ఫానే కారణమా అన్న వాదన ఇంకా ఉంది. కానీ హార్మోన్ల మీద ప్రభావం గురించి ఈ పరిశీలన చెప్పింది తేలిగ్గా తీసేసేది కాదు. 2011 మే 13న సుప్రీంకోర్టు దేశమంతటా దాని తయారీని, అమ్మకాన్ని, వాడకాన్ని ఆపేసింది.

కేరళ సంగతి మనకెందుకు అనుకోవద్దు. గుంటూరు నుంచి వరంగల్ వరకు పత్తి చేలలో ఎండోసల్ఫాన్ డబ్బా తెలియని రైతు ఒకప్పుడు అరుదు. కాసరగోడ్‌లో పిల్లల రక్తం తీసి చూశారు కాబట్టి ఆ కథకు ఊరి పేరు వచ్చింది.

ప్లాస్టిక్‌ను ఎలా అనుమానించారు?

ప్రయోగాలు చెడిపోవడం వల్ల. నాకు ఈ కథలంటే ఇష్టం.

బోస్టన్‌లోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో ఆనా సోటో, కార్లోస్ సోనెన్‌షీన్ రొమ్ము కేన్సర్ కణాలను పెంచేవారు. ఈస్ట్రోజెన్ ఇస్తేనే పెరగాల్సిన కణాలు ఒకసారి ఏమీ ఇవ్వకుండానే పెరగడం మొదలుపెట్టాయి. నెలల తరబడి వెతికితే తేలిందేమిటంటే, వాళ్లు వాడే ప్లాస్టిక్ గొట్టాల తయారీలో కంపెనీ మార్పు చేసింది. ఏం కలిపారో చెప్పమంటే చెప్పలేదు. తామే శోధించి, ఈస్ట్రోజెన్‌లా పనిచేసింది ఆ ప్లాస్టిక్‌లోంచి ఊరిన నోనైల్‌ఫినాల్ అని 1991లో ప్రకటించారు.

1998లో క్లీవ్‌లాండ్‌లో పాట్రీషియా హంట్ ప్రయోగశాలలో ఎలుకల బోనులను ఎవరో పొరపాటున నేల కడిగే ఘాటు ద్రవంతో కడిగారు. బోనులు పాలికార్బొనేట్‌వి. అవి పాడై బీపీఏ ఊరింది. ఆడ ఎలుకల అండాలలో మామూలుగా 1 నుంచి 2 శాతం ఉండే క్రోమోజోమ్ లోపాలు 40 శాతానికి ఎగబాకాయి. ఆవిడ దాన్ని కావాలని మళ్లీ చేసి, సరిచూసుకుని, 2003లో ప్రచురించారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా గర్భంతో ఉన్న ఎలుకలకు బీపీఏ ఇచ్చి చూసింది. వాటికి పుట్టిన మగ ఎలుకల్లో వీర్యకణాల నాణ్యత దెబ్బతింది.

అసలు బీపీఏకు ఈస్ట్రోజెన్ గుణం ఉందని 1936లోనే తెలుసు. చెప్పింది డీఈఎస్ తయారుచేసిన ఆ డాడ్సే. మందుగా పనికిరాదని పక్కనపెట్టిన పదార్థంతో తర్వాతి తరం పాలసీసాలు చేసింది.

మన ఇళ్లలో ఇవి ఎక్కడున్నాయి?

బీపీఏ: పాలికార్బొనేట్ అనే గట్టి, గాజులా మెరిసే ప్లాస్టిక్‌లో, ఆహారపు డబ్బాల లోపలి ఎపాక్సీ పూతలో. మన వంటింట్లో డబ్బా ఆహారం తక్కువే. అమెరికాలో ఉండి శనగలు, టమాటాలు, కొబ్బరిపాలు డబ్బాల్లో కొనుక్కునే తెలుగువారికి ఇది ఎక్కువ వర్తిస్తుంది. ఇంకోటి, ఎవరూ అనుమానించనిది: ఏటీఎం చీటీ, సూపర్‌మార్కెట్ బిల్లు, కండక్టరు మిషన్ నుంచి వచ్చే టికెట్. ఈ థర్మల్ కాగితం మీద బీపీఏ గాని దాని చుట్టం బీపీఎస్ గాని పొడిలా ఉంటుంది, దేనికీ అతుక్కుని ఉండదు. శానిటైజర్ రాసుకున్న చేత్తో పట్టుకుంటే చర్మం గుండా మరింత లోపలికి పోతుందని పరిశోధనలో తేలింది. రోజుకోసారి బిల్లు తీసుకునే మనకంటే రోజంతా బిల్లులు చింపే క్యాషియర్ గురించి ఆలోచించాలి, అందులోనూ ఆమె గర్భిణి అయితే.

థాలేట్లు: పీవీసీని మెత్తబరచడానికి వాడతారు. రెక్సిన్, మెత్తటి బొమ్మలు, సెలైన్ గొట్టాలు, రక్తం సంచులు. గట్టి నీళ్ల పైపుకు ఆ మెత్తదనం అక్కర్లేదు కాబట్టి దాని గురించి ఈ భయం లేదు. మరో రకం థాలేటు సెంట్లలో, సువాసన సబ్బుల్లో, అగరుబత్తికి అద్దే పరిమళంలో ద్రావణిగా ఉంటుంది. పీవీసీలో వాడే వాటితో పోలిస్తే హార్మోన్ల మీద దీని ప్రభావం తక్కువ. దేవుడి గది గురించి బెంగపడకండి; కిటికీ తెరిస్తే చాలు.

పీఫాస్: నాన్‌స్టిక్ పూతల తయారీలో, నీరు అంటని బట్టల్లో, మంటలార్పే నురగలో. కార్బన్, ఫ్లోరిన్ బంధం ప్రకృతిలో దాదాపు తెగదు గనుక ఇవి ఎక్కడికీ పోవు. అమెరికాలోని పార్కర్స్‌బర్గ్ చుట్టుపక్కల తాగునీటిలో కలిసిన ఒక రకం, పీఎఫ్ఓఏ మీద సుమారు 69,000 మంది వివరాలు సేకరించి చూశారు. థైరాయిడ్ జబ్బు, అధిక కొలెస్ట్రాల్, మూత్రపిండ కేన్సర్, వృషణ కేన్సర్, పెద్దపేగు పుండ్లు, గర్భంలో రక్తపోటు: ఈ ఆరింటితో సంబంధం ఉండే అవకాశముందని 2012 నాటికి నిపుణుల బృందం తేల్చింది. మీ పెనం సంగతికొస్తే, పూత కంటే ఫ్యాక్టరీ పక్క నీరే పెద్ద సమస్య. పెనాన్ని ఖాళీగా పొగలు కక్కేదాకా కాల్చకండి.

ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ మంచిదేనా?

క్యాన్ అడుగున త్రికోణంలో అంకె చూడండి. 1 ఉంటే పెట్ అనే ప్లాస్టిక్, అందులో బీపీఏ ఉండదు. 7 ఉంటే పాలికార్బొనేట్ కావచ్చు. కొత్త పాలికార్బొనేట్ క్యానులో చల్లటి నీరు ఉన్నంతసేపు ఊరేది స్వల్పమే. మన ఊళ్లలో నేను చూసే క్యాన్లు అలా ఉండవు. గీతలుపడి, మసకబారి, ట్రాలీ ఆటో మీద మిట్టమధ్యాహ్నం ఎండలో గంటలు గడిపి, ఎన్నిసార్లు ఘాటు ద్రవాలతో కడిగారో లెక్కలేకుండా వస్తాయి. హంట్ గారి ఎలుకల బోనులు గుర్తుకొస్తాయి. మసకబారిన క్యాన్ వద్దని తిప్పిపంపండి. ఇంటికి రాగానే స్టీలు బిందెలోకి పోసుకోండి. మన అమ్మమ్మలకు ఇది చెప్పాల్సిన పని ఉండేది కాదు.

కారులో ఎండకు వేడెక్కిన నీళ్ల సీసాలో డయాక్సిన్ వస్తుందట?

రాదు. డయాక్సిన్ అనే విషం పుట్టడానికి క్లోరిన్, మంట కావాలి. పెట్ సీసాలో రెండూ లేవు. పెట్ తయారీలో వాడే యాంటిమొనీ అనే లోహం వేడికి కొద్దిగా ఎక్కువ ఊరే మాట నిజం, కాబట్టి రోజుల తరబడి ఎండలో ఉన్న నీళ్లు తాగకపోవడమే మంచిది. ఆ వాట్సాప్ సందేశాన్ని మాత్రం ఇంకొకరికి పంపకండి.

కాగితపు కప్పులో టీ? కవర్లో వేడి సాంబారు?

కాగితపు కప్పు లోపల పాలిథిన్ పొర ఉంటుంది. 2020లో ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు వేడి ద్రవాన్ని పదిహేను నిమిషాలు ఉంచితే 100 మిల్లీలీటర్లలో దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు వస్తున్నాయని చూపారు. పాలిథిన్‌లో బీపీఏ ఉండదు, రేణువులు శరీరంలో ఏం చేస్తాయన్నది ఇంకా తేలుతున్న విషయం. పల్చటి కవర్లో మరిగే సాంబారు అంతకంటే చెడ్డ ఆలోచన. వేడి, నూనె, పులుపు ఈ మూడూ ప్లాస్టిక్ నుంచి రసాయనాలను లాగుతాయి, మన సాంబారులో మూడూ ఉన్నాయి. హోటలుకు టిఫిన్ క్యారియర్ పట్టుకెళ్లడం నామోషీ కాదు.

న్యూస్‌పేపరులో మిర్చి బజ్జీ కూడా ఈ కోవలోదే. ఆహార భద్రత సంస్థ 2018 నిబంధనలు దాన్ని నిషేధించాయి. సిరాతో పాటు, మళ్లీ మళ్లీ పల్ప్ చేసిన కాగితంలో థాలేట్లు కూడా ఉంటాయి.

బీపీఏ లేదని రాసి ఉన్న డబ్బా కొంటే నిశ్చింతేనా?

కాదు. బీపీఏ బదులు చాలాచోట్ల బీపీఎస్, బీపీఎఫ్ వచ్చాయి. పేరులో ఒక అక్షరం మారింది, అణువు ఆకారం అదే. ప్రయోగశాలలో ఇవి కూడా ఈస్ట్రోజెన్ గ్రాహకాన్ని పట్టుకుంటున్నాయి. ఒకదాని హాని రుజువు చేయడానికి ఇరవై ఏళ్లు, దాని తమ్ముణ్ణి మార్కెట్లోకి దించడానికి ఒక్క ఏడాది. నాకు ఈ రంగంలో అన్నిటికంటే కోపం తెప్పించే సంగతి ఇదే.

నా థైరాయిడ్‌కు ఇవే కారణమా?

మీ ఒక్కరి విషయంలో ఎవరూ చెప్పలేరు. హైదరాబాద్ సహా ఎనిమిది నగరాల్లో జరిపి 2013లో ప్రచురించిన పరిశీలనలో ప్రతి పదిమంది పెద్దల్లో ఒకరికి పైగా థైరాయిడ్ మందకొడిగా ఉంది. అందులో సింహభాగం మన రోగనిరోధక శక్తే గ్రంథి మీద తిరగబడటం వల్ల వచ్చేది. కుటుంబ లక్షణం, అయోడిన్ తేడాలు కూడా కారణమే. పీఫాస్, పెర్‌క్లోరేట్, పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో ఉండే పీసీబీ వంటివి థైరాయిడ్ హార్మోనును కదిలిస్తాయన్నది నిజం. అయితే పెనం మార్చి మాత్ర మానేయడం ప్రమాదం. గర్భిణులు అసలే మానకూడదు, పైన చెప్పిన మొదటి మూడు నెలల సంగతి మళ్లీ చదవండి.

ఆడపిల్లలు ముందే పెద్దమనిషి కావడానికి?

మొదటి కారణం తిండి. మంచి పోషణ, పెరిగిన బరువు ఈడును ముందుకు తెస్తాయి. కొవ్వు కణజాలం తానే ఈస్ట్రోజెన్‌ను తయారుచేస్తుంది. రసాయనాల పాత్ర కొన్ని పరిశీలనల్లో కనిపించింది, కొన్నింటిలో కనిపించలేదు. ఎనిమిదేళ్లలోపు రొమ్ములు పెరగడం మొదలైతే డబ్బా మార్చి ఊరుకోకుండా పిల్లల హార్మోన్ల వైద్యుణ్ణి కలవండి.

మగవారిలో వీర్యకణాలు తగ్గుతున్నాయన్నది నిజమా?

1992లో డెన్మార్క్‌లో నీల్స్ స్కాకెబెక్ బృందం పాత పరిశీలనలన్నీ పోగుచేసి, యాభై ఏళ్లలో వీర్యకణాల సాంద్రత దాదాపు సగానికి పడిపోయిందని ప్రకటించినప్పుడు చాలామంది నవ్వారు. 2022లో హగాయ్ లెవిన్ బృందం అన్ని ఖండాల లెక్కలు తీసి, 1973 నుంచి 2018 మధ్య మిల్లీలీటరుకు 10 కోట్ల నుంచి 4.9 కోట్లకు పడిపోయిందని చెప్పింది. పాతకాలపు లెక్కింపు పద్ధతులు నమ్మదగినవేనా, నమూనా ఇవ్వడానికి వచ్చినవారు అందరికీ ప్రతినిధులేనా అని అడిగే శాస్త్రజ్ఞులు ఉన్నారు, వారి సందేహాలు అర్థవంతమైనవే. ఊబకాయం, పొగ, వేడి కూడా కారణాలే.

రసాయనాల వైపు బలమైన ఆధారం మళ్లీ గర్భంలోనే దొరుకుతుంది. 2005లో షానా స్వాన్ పరిశీలనలో, గర్భిణి మూత్రంలో థాలేట్ల అవశేషాలు ఎక్కువగా ఉన్నప్పుడు పుట్టిన మగపిల్లల్లో మలద్వారానికీ జననాంగానికీ మధ్య దూరం తక్కువగా ఉంది. వినడానికి వింత కొలత. కానీ అది పిండదశలో టెస్టోస్టిరాన్ ఎంత పనిచేసిందో చెప్పే గుర్తు. మన ఇళ్లలో పిల్లలు కలగకపోతే కోడలికి పరీక్షలు చేయించే అలవాటు ఉంది. అబ్బాయి పరీక్ష చవక, తేలిక. ముందు అది చేయించండి.

పీసీఓఎస్ (అండాశయాల్లో నీటితిత్తుల సమస్య), షుగరు, ఊబకాయం?

సంబంధం కనిపిస్తోంది, కారణమని ఇంకా రుజువు కాలేదు. కొవ్వు కణాలను పెంచే రసాయనాలకు 2006లో బ్రూస్ బ్లంబర్గ్ ఒక ప్రత్యేకమైన పేరే పెట్టారు. ఓడల రంగుల్లో వాడిన ట్రైబ్యుటైల్‌టిన్ మీద ఆయన పనిచేశారు. అంతమాత్రాన మూడు పూటలా తెల్లన్నం, కదలని ఉద్యోగం నిర్దోషులు కావు.

తల్లిపాలలో డీడీటీ ఉంటుందట. పాలు మాన్పించాలా?

వద్దు. కొవ్వులో కరిగే పదార్థాలు పాలలోకి వస్తాయి, మన దేశంలో కూడా ఇది నమోదైంది. వ్యవసాయంలో డీడీటీని 1989లోనే ఆపినా దోమలు, ఇసుక ఈగల వల్ల వచ్చే జబ్బుల నివారణకు అనుమతి కొనసాగింది. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వమంటుంది, లాభం అంత ఎక్కువ. పోతపాలకు సీసా కావాలి, నీళ్లు కావాలి. అవి మాత్రం ఆకాశం నుంచి ఊడిపడవు.

సోయా తింటే మగవారికి రొమ్ములు వస్తాయా?

భోజనంలో తినే మోతాదుకు రావు.

నా ఒంట్లో ఎంత ఉందో పరీక్ష చేయించుకోవచ్చా? బయటికి పంపే మందు ఉందా?

ఆ డబ్బు దాచుకోండి. బీపీఏ, థాలేట్లు ఒకటి రెండు రోజుల్లో మూత్రంలో పోతాయి. ఈరోజు పరీక్ష నిన్నటి తిండిని మాత్రమే చెబుతుంది. డీడీఈ, పీఫాస్ ఏళ్లపాటు ఉంటాయి, వాటిని తోడేసే కషాయం లేదు.

త్వరగా పోతాయన్నదే ఇందులో మంచివార్త. 2011లో అమెరికాలో ఐదు కుటుంబాలకు మూడు రోజులు డబ్బాలు, ప్యాకెట్లు లేని తాజా వంట పెట్టి చూశారు. మూత్రంలో బీపీఏ సగటున 66 శాతం తగ్గింది. ఒక రకం థాలేట్ల అవశేషాలు సగానికి పైగా తగ్గాయి. మళ్లీ పాత తిండికి రాగానే మళ్లీ పెరిగాయి.

అయితే ఇంట్లో ఏం మార్చుకోవాలి?

వేడిది, నూనెది, పుల్లనిది స్టీలులో, గాజులో పెట్టుకోండి. బియ్యం, పప్పులు ప్లాస్టిక్ డబ్బాల్లో ఉంటే ఉండనివ్వండి, పొడివాటితో చిక్కులేదు. ఆవకాయ జాడీ మాత్రం జాడీగానే ఉండాలి. మైక్రోవేవ్‌లో ప్లాస్టిక్ పెట్టకండి, దానిమీద పెట్టవచ్చని రాసి ఉన్నా సరే; ఆ మాటకు అర్థం డబ్బా కరగదని, రసాయనం ఊరదని కాదు. ఇంటి దుమ్ములో థాలేట్లు, మంటను తట్టుకునే రసాయనాలు పేరుకుంటాయి, పాకే పిల్లల నోట్లోకి అదే పోతుంది. చీపురుతో ఎగరగొట్టే బదులు తడిగుడ్డతో తుడవండి. కూరగాయలను పారే నీటిలో కడిగితే పైనున్న మందు పోతుంది, లోపలికి ఇంకింది పోదు.

ఇవన్నీ గర్భిణి ఉన్న ఇంట్లో, పిల్లలు కావాలనుకునే ఇంట్లో ముందు చేయండి. మిగతావారు తీరికగా చేసుకోవచ్చు. ఇల్లాలి నెత్తిన ఇంకో బరువు పెట్టడం నా ఉద్దేశం కాదు. ఎపాక్సీ పూత ఏమిటో, సెంటులో ఏముందో ఆమె వంటింట్లో నిలబడి కనిపెట్టలేదు.

మరి ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయి?

ఐరోపా ఆహార భద్రత సంస్థ 2023లో బీపీఏ రోజువారీ పరిమితిని శరీర బరువులో కిలోకు 4 మైక్రోగ్రాముల నుంచి 0.2 నానోగ్రాములకు దించింది. ఒకేసారి 20,000 రెట్లు. జర్మనీ ప్రమాద అంచనా సంస్థ అంత తగ్గించనక్కర్లేదని, 200 నానోగ్రాములు చాలని విభేదించింది. ఒకే కాగితాలు చదివిన నిపుణులే ఇంత దూరంగా నిలబడ్డారు. 2024 డిసెంబరులో ఐరోపా సమాఖ్య ఆహారాన్ని తాకే వస్తువుల్లో బీపీఏను నిషేధించింది, మారడానికి కొంత గడువు ఇచ్చి.

మన దగ్గర 2015లో సవరించిన ప్రమాణం పాలసీసాల్లో బీపీఏ వద్దంది. బొమ్మల్లో థాలేట్లకు పరిమితి ఉంది, 2021 జనవరి నుంచి ఐఎస్ఐ ముద్ర లేని బొమ్మ అమ్మకూడదు. జాతర అంగట్లో ముద్ర వెతికి చూడండి, సంగతి తెలుస్తుంది. పాలసీసా దాటి నీళ్ల క్యాన్ దగ్గరికి, బిల్లు కాగితం దగ్గరికి చట్టం రావాల్సి ఉంది.

మా వీధి చివర రోజూ చెత్త తగలబెడతారు. దాని గురించి ఏమీ చెప్పలేదే?

ఇది మొదటే అడగాల్సిన ప్రశ్న. మంటలో పీవీసీ, అంటే రెక్సిన్, వైర్ల తొడుగు, పడితే డయాక్సిన్ పుడుతుంది. 1976 జులై 10న ఇటలీలోని సెవెసోలో ఒక రసాయన కర్మాగారం నుంచి డయాక్సిన్ మబ్బు ఊరిమీద పడింది. పంతొమ్మిదేళ్లలోపు వయసులో దాని బారిన పడిన మగవారికి తర్వాత పుట్టిన పిల్లల్లో మగపిల్లలు తక్కువని, ఆడపిల్లలు ఎక్కువని 2000లో తేలింది. చెత్తకుప్ప మంట అంత పెద్దది కాదు గాని, అది ఒక్కరోజుతో ఆగదు. డయాక్సిన్ పొగగా మన ముక్కులోకి వచ్చేదాని కంటే, బూడిదగా గడ్డి మీద పడి, ఆ గడ్డి మేసిన గేదె పాలలోకి వచ్చేదే ఎక్కువ. ఫొటో తీసి మునిసిపాలిటీకి పంపండి. అది కుదరకపోతే కనీసం తగలబెట్టే మనిషితో వైర్లు, రెక్సిన్ ముక్కలు పక్కకు తీయమని చెప్పండి; రాగి కోసం ఆ వైర్లను కాలుస్తున్నది అతనే అయితే, ఒలిచి అమ్మితే రాగి నల్లబడదు, ఎక్కువ ధర వస్తుందని కూడా చెప్పండి.